ఆన్ లెవెల్ తండ్రి మొర

ఫిబ్రవరి వచ్చిందంటే మీ ఇళ్లలో ఏం జరుగుతుందో గానీ, డాలస్‌కి ఉత్తరాన మా కాలనీలో ఉన్న తెలుగిళ్లన్నిటా అత్యయిక పరిస్థితి అమల్లోకి వస్తుంది. పొయ్యి మీద పప్పు మాడుతుంది. టీవీలో మ్యాచి మూగబోతుంది. ఇండియా నుంచి ఫోనొస్తే ఎత్తే నాథుడుండడు. హైస్కూలు పిల్లలు వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకునే కాలం మరి. లెక్కలు ఏవో ఇట్టే తేలిపోతాయి. సైన్సు కాసేపు నానుతుంది. మిగిలిన కాలాన్నీ, మనశ్శాంతినీ, దాంపత్య సౌభాగ్యాన్నీ ఇంగ్లీషు మింగేస్తుంది. అవునండీ, ఇంగ్లీషే. మన పిల్లలు నిద్రలో కలవరించే భాషే.

మీరూ నాలాగే చదువుకుని ఉంటారు. పదో తరగతిలో ఇంగ్లీషంటే ఫస్టు పేపరు, సెకండు పేపరు. ఒక నాన్ డీటెయిల్డు, దానికో గైడు. సెలవు చీటీ రాయుట, ఖాళీలు పూరించుట, యాక్టివ్ వాయిసుని పాసివ్ చేయుట. 35 వస్తే గండం గడిచినట్టే. నువ్వు ఏ రకం ఇంగ్లీషు తీసుకుంటావురా అని మనల్ని ఎవరైనా అడిగారా? ఊరంతటికీ ఒకటే ఇంగ్లీషు, దానికి ఒకడే మాస్టారు, ఆయన చేతిలో ఒకటే బెత్తం. తండ్రి అనేవాడికి అందులో పాత్రా లేదు, ప్రమేయమూ లేదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఒక్కటే ఆయన వంతు. అదీ చాలామందికి మనమే పెట్టుకునేవాళ్లం.

ఇక్కడ అలా కుదరదు. టెక్సస్‌లో హైస్కూలు గట్టెక్కాలంటే ఇంగ్లీషులో నాలుగు క్రెడిట్లు రావాలి. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. చిక్కల్లా ఏ ఇంగ్లీషన్న దగ్గరే. ఇంగ్లీష్ వన్ ఉంది, టూ ఉంది, త్రీ ఉంది, ఫోర్ ఉంది. వాటిలో మామూలు రకం, ఆనర్స్ రకం. పైతరగతులకి వచ్చేసరికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే ఏపీ ప్రత్యక్షమవుతుంది (మన ఏపీ కాదు, అక్కడైతే తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు). అందులో మళ్లీ లాంగ్వేజ్ వేరు, లిటరేచర్ వేరు. అవి వద్దనుకుంటే డ్యుయల్ క్రెడిట్. పిల్ల హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ వాళ్ల ఇంగ్లీషు 1301, 1302 చదివేస్తుంది, రెండు చోట్లా జమ పడుతుంది. ఇవి గాక డిబేటు, జర్నలిజం, క్రియేటివ్ రైటింగు. నాలుగో ఏడాది ఇంగ్లీషుకి బదులుగా రాష్ట్రం ఒప్పుకునే వాటిలో ఇయర్‌బుక్ మూడో అంచె కూడా ఉంది. అంటే స్కూలు ఫొటోల పుస్తకం తయారుచేసి షేక్‌స్పియర్‌కి దూరం నుంచే నమస్కారం పెట్టేయొచ్చు. ఈ శుభవార్తని ఇంట్లో నేనే ప్రకటించాను. మా ఆవిడ చూసిన చూపుకి ఆ రాత్రి పెరుగు తోడుకోలేదు.

మామూలు రకానికి వాళ్లు పెట్టిన ముద్దుపేరు ఆన్ లెవెల్. వినడానికి గౌరవంగానే ఉంది కదా? పిల్ల తన తరగతికి తగిన చదువు చదువుతోంది, తండ్రికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మనవాళ్ల బర్త్‌డే పార్టీలో ‘మా అమ్మాయి ఇంగ్లీషు ఆన్ లెవెలండీ’ అని ఒక్కసారి అని చూడండి. ఎదుటాయన చేతిలో సమోసా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. గొంతు తగ్గించి, ‘పర్లేదులెండి, ముందు ముందు పుంజుకుంటుంది’ అంటాడు. ఆయన భార్య మా ఆవిడ చెయ్యి నొక్కి పట్టుకుంటుంది. కేకు కోసేలోపు వార్త పెరట్లో ఆడుకునే పిల్లల దాకా పోతుంది. వెళ్లేటప్పుడు మాకు రిటర్న్ గిఫ్టు రెండు ఇస్తారు.

ఈ పరువు వెనక ఒక అంకగణితం ఉంది, అది మీకు తెలియాలి. మా స్కూల్లో ఆన్ లెవెల్‌లో నూటికి నూరు తెచ్చుకున్నా జీపీఏకి 5.0 దాటదు. ఆనర్స్‌లో అయితే 5.5, ఏపీలో అయితే 6.0. ఆ జీపీఏతో తరగతి మొత్తానికి ర్యాంకు కడతారు. 1997లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది: తమ హైస్కూల్లో మొదటి పది శాతంలో నిలిచినవాళ్లకి రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. పల్లెటూరి స్కూలు పిల్లలకీ పెద్ద చదువు అందాలని. తర్వాత తాకిడి తట్టుకోలేక ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం తన వరకు ఆ పదిని కుదించుకుంటూ ఆరుకి తెచ్చింది. 2026లో చేరేవాళ్లకి ఐదు. ఇప్పుడు మా స్కూల్లో ఆ ఐదు శాతంలోకి దూరదామని చూసే తెలుగువాళ్లే ఐదు శాతం కన్నా ఎక్కువున్నారు. కాబట్టి మన పిల్లలు కవిత్వం మీద మక్కువతో ఆనర్స్ ఇంగ్లీషులో చేరుతున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. అర పాయింటు కోసం చేరుతున్నారు.

ఏపీ లాంగ్వేజ్ సంగతి చెప్తాను, కాస్త మంచినీళ్లు తాగి వినండి. మే నెలలో మూడుంపావు గంటల పరీక్ష. 45 బిట్లు, మూడు వ్యాసాలు. ఫీజు వంద డాలర్లకి కాస్త అటూ ఇటూ. ఆఖరికి వచ్చేది ఐదుకి ఒక అంకె. ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు, వాటి పంపకం ఇలా ఉంటుంది: వాదనని ఒక్క వాక్యంలో నిలబెట్టినందుకు ఒకటి, ఆధారాలకీ వాటి మీద వ్యాఖ్యానానికీ కలిపి నాలుగు, సోఫిస్టికేషన్‌కి ఒకటి. ఈ ఆరోది చదివి నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. సోఫిస్టికేషన్‌కి పాయింటా! అది ఎక్కడ అమ్ముతారు? కాస్ట్‌కోలో ఉండదు. అటు మా వంశంలో గానీ ఇటు అత్తవారి వైపు గానీ అది ఎవరికైనా ఉన్నట్టు దాఖలాలు లేవు. మా నాన్నగారు కలెక్టరాఫీసుకి కూడా రబ్బరు చెప్పులతోనే వెళ్లారు. ‘ఆ పాయింటు ఎవరికో గాని రాదు నాన్నా, దాని మీద ఆశ పెట్టుకోవద్దని మా టీచరే చెప్పారు’ అంది మా అమ్మాయి. ఆ విధంగా మా ఇంట్లో సోఫిస్టికేషన్‌ని ఏకగ్రీవంగా వదులుకున్నాం.

ఆ మూడు వ్యాసాల్లో ఒకదాని పేరు రెటారికల్ అనాలిసిస్. ఎవరిదో ఉపన్యాసమో ఉత్తరమో ఇస్తారు. ఆయన చెప్పింది న్యాయమా అన్యాయమా అని అడగరు. జనాన్ని ఏ ఎత్తులు వేసి ఒప్పించాడో విప్పి చూపించమంటారు: తన పరపతి చూపాడా (ఈథోస్), తర్కం చెప్పాడా (లోగోస్), గుండె కరిగించాడా (పేథోస్) అని. దీనికి ఇంట్లో అభ్యాసం ఎలా అని నేను మథనపడుతుంటే, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ఆ లోటు తీర్చారు. ఒకనాడు నేను మూడో పెసరట్టు వద్దన్నాను.

‘రాత్రనగా పప్పు నానబోశాను, నడుం నొప్పితోనే లేచి రుబ్బాను. మా ఊళ్లో నా పెసరట్టు తిని వంక పెట్టినవాళ్లు లేరు’ అన్నారావిడ.

‘ఈథోస్’ అంది మా అమ్మాయి, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

‘మళ్లీ మీటింగులంటూ రెండింటిదాకా లేవరు, అప్పటికి కడుపులో ఏం ఉంటుంది?’

‘లోగోస్.’

‘సర్లెండి అల్లుడుగారూ, మీకు నచ్చకపోతే నేనే తింటాను. నేను ఎలాగూ చల్లారినవే తింటాగా.’

‘పేథోస్! అమ్మమ్మా, నువ్వు రాస్తే ఐదుకి ఐదు’ అని పిల్ల లేచి ఆవిణ్ని కావలించుకుంది. మూడోదీ తిన్నాను, నాలుగోదీ తిన్నాను. నా తరఫున వాదించేవాళ్లు లేరు.

ఇదంతా చూసి ఈ మనిషికి ఇంగ్లీషు రాదు కాబోలు అనుకుంటారేమో. మీరూ నేనూ ఏ ఇంగ్లీషు మోసుకుని సముద్రాలు దాటామో మర్చిపోయారా? హిమాయత్‌నగర్ కోచింగు సెంటర్లో ఫ్యాను తిరగని గదిలో కూర్చుని, బ్యారన్స్ జీఆర్ఈ పుస్తకంలో 3,500 మాటల జాబితాని ‘ఏ’ దగ్గర మొదలుపెట్టి జపం చేసిన తరం మనది. లకోనిక్, లొక్వేషస్, గ్యారులస్, పెర్‌ఫంక్టరీ, పుసిలానిమస్. ఇరవయ్యేళ్లుగా ఈ అస్త్రాలన్నీ జమ్మిచెట్టు మీదే ఉన్నాయి, ఆఫీసులో ఒక్కటీ దించే అవసరం రాలేదు. కనీసం కన్నబిడ్డ వ్యాసంలోనైనా వాడదామని నాలుగు మాటలు సూచించాను. ‘నాన్నా, ఇలాంటివి పెడితే టీచరు ఇది నీ వాయిస్ కాదు అని రాస్తారు’ అంది. పోనీ, వాక్యం అండ్‌తో మొదలుపెట్టకూడదు, రెన్ అండ్ మార్టిన్ ఒప్పుకోరు అన్నాను. అది కాసేపు ఆలోచించి, వాళ్లు మీ ఆఫీసులో మేనేజర్లా అని అడిగింది. నేను లకోనిక్ అయిపోయాను.

నిజానికి ఈ గడ్డ మీద నా ఇంగ్లీషుకి జరిగిన పరాభవం ఇవాళ్టిది కాదు, పిల్లని కిండర్‌గార్టెన్‌లో చేర్చిన నాటిది. అప్పుడొక కాగితం ఇస్తారు, హోమ్ లాంగ్వేజ్ సర్వే అని. మీ ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, మీ బిడ్డ ఏ భాష మాట్లాడుతుంది? నేను హరిశ్చంద్రుడి దేశం నుంచి వచ్చినవాణ్ని. తెలుగు అని రాశాను. ఇంగ్లీషు గాక ఇంకో భాష పేరు కనిపిస్తే బిడ్డకి ఇంగ్లీషు వచ్చో రాదో పరీక్ష పెట్టి తీరాలన్నది రూలు. పెట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడకూడదని మేం దానికి ఉగ్గుపాలతో నేర్పాం. నేర్పినట్టే ఆ పరీక్ష పెట్టినావిడ ముందు నోరు విప్పలేదు. ఈ టెక్సస్ ఆసుపత్రిలోనే పుట్టి, పొద్దస్తమానం ఇంగ్లీషు కార్టూన్లు వల్లించే పిల్లకి ఇంగ్లీషు అంతంతమాత్రం అని ముద్ర పడింది. అప్పట్లో దాన్ని లిమిటెడ్ ఇంగ్లీష్ ప్రొఫిషియెన్సీ అనేవారు. 2021లో శాసనసభ వాళ్లు మనసు కరిగి ఎమర్జెంట్ బైలింగ్వల్ అని మార్చారు. ఆ ప్రత్యేక బోధన మాకొద్దు బాబోయ్ అని తల్లిదండ్రులు రాసివ్వొచ్చు, మేమూ రాసిచ్చాం. కానీ టెల్‌పాస్ అనే పరీక్ష మాత్రం, ఇంగ్లీషు వచ్చిందని వాళ్లకి నమ్మకం కుదిరేదాకా, ఏటేటా రాయాల్సిందే. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం. పిల్ల హెడ్‌ఫోను పెట్టుకుని కంప్యూటర్‌తో ఇంగ్లీషులో కబుర్లు చెప్పేది, నాతో చెప్పేది కాదు.

మరి మిగతా మనవాళ్లు ఆ కాగితంలో ఏం రాశారని వాకబు చేశాను. ఇంగ్లీషు అని రాశారట. గుమ్మంలో అడుగు పెడితే ఇంగువ తాలింపు ముక్కుపుటాలు ఎగరగొట్టే ఇళ్లు, పిల్లాణ్ని ‘ఒరేయ్ వెధవా, ఇటు రా’ అనకుండా పూట గడవని ఇళ్లు. ఇంగ్లీషట! పోనీ, జాతిగా మనకి ఆ భాషలో పట్టు లేదా అంటే, 2019లో స్క్రిప్స్ స్పెల్లింగ్ బీలో ఎనిమిది మంది పిల్లల్ని సంయుక్త విజేతలుగా ప్రకటించారు. వాళ్లకి ఇవ్వడానికి నిర్వాహకుల దగ్గర కష్టమైన మాటలు అయిపోయాయి. ఆ ఎనిమిది మందిలో ఏడుగురు భారత సంతతి. నిఘంటువు ఖాళీ చేసి ఇచ్చాం మనం. అయినా చేర్చుకునేటప్పుడు అదే కాగితం, అదే ప్రశ్న.

పుస్తకాల జోలికి పోకూడదనుకున్నాను గానీ, రోమియో జూలియట్ విషయం చెప్పకపోతే మా అత్తగారు ఊరుకోరు. తొమ్మిదో తరగతిలో ఆ నాటకం చదవడం ఇక్కడ చాలా స్కూళ్లలో ఆనవాయితీ. పిల్ల కథంతా తెలుగులో చెప్పింది. జూలియట్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదనగానే ఆవిడ తల పట్టుకున్నారు. ఆ తర్వాత చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు: తప్పు పిల్లలది కాదు, రోమియోకి కబురంపిన ఆ సన్యాసిది. అంత ముఖ్యమైన ఉత్తరం మనిషి చేత పంపిస్తారా, అది అందిందో లేదో కనుక్కోవద్దా? రెండు నిండు ప్రాణాలు పోయాయి, టపా సరిగ్గా లేక. మా అమ్మాయి దీన్నే వ్యాసంగా అల్లి ఇచ్చింది. మంచి మార్కులే వచ్చాయి, పక్కన ‘లోతైన పరిశీలన’ అని టీచరు రాశారు కూడా. ఆ ఏడాది మా ఇంట్లో ఇంగ్లీషు సాహిత్యానికి సంబంధించి ఆఖరి మాట ఆవిడదే అయింది. ఆవిడ చదివింది తెలుగు మీడియం ఎనిమిదో తరగతి.

పుస్తకం చదివితే సరిపోదు, అనొటేట్ చెయ్యాలి. మార్జిన్ల నిండా రాతలు, పేజీపేజీకీ అంటించే చీటీలు, పాత్రలకి పసుపు, ఉపమానాలకి ఆకుపచ్చ, ఇతివృత్తానికి గులాబీ. మన కాలంలో పాఠ్యపుస్తకం మీద గీత గీస్తే వీపు మీద వాత తేలేది. తమ్ముడికి పనికిరావాలి, ఆ తర్వాత పక్కింటివాళ్లకి సగం ధరకి అమ్మాలి. మొన్న ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ తిరగేశాను. 1925లో అచ్చయిన ఆ నవలని మా పిల్ల హోలీ ఆడించి వదిలింది. అందులో డాలర్లు తగలేసిన పార్టీలన్నిటికీ గులాబీ రంగు వేసింది. బిల్లులు ఎవరు కట్టారో మాత్రం ఎక్కడా గీత గీయలేదు.

ఇంత చేసి ఏపీలూ ఆనర్సులూ వెలగబెట్టినా రాష్ట్రం వారి స్టార్ పరీక్ష తప్పదు. ఇంగ్లీష్ వన్‌కి ఒకటి, టూకి ఒకటి. అందులో పిల్లలు రాసే జవాబుల్ని 2023 డిసెంబరు నుంచి ముందుగా కంప్యూటరే దిద్దుతోంది. మనుషుల కంటపడేవి కొన్నే. మా మాస్టారు మూల్యాంకనానికి వెళ్లినప్పుడు, కాగితం అందంగా ఉంటే రెండు మార్కులు, ఆఖర్న ‘పాస్ చేయండి సార్, మా అమ్మకి ఒంట్లో బాగోలేదు’ అని ఉంటే మరో రెండు వేసేవారని ప్రతీతి. ఈ యంత్రానికి ఎవరి అమ్మ ఆరోగ్యమూ పట్టదు. ఇక దస్తూరీ అంటారా, దాన్ని అడిగినవాడు లేడు.

ఈసారి ఎంపికల గడువు దగ్గరపడ్డాక మా వాట్సాప్ గ్రూపు యుద్ధప్రాతిపదికన రంగంలోకి దిగింది. డ్యుయల్ క్రెడిట్ తేలికండీ, పరీక్ష ఒక్కటే గండం కాదు, ఏడాదంతా చేసిన పనికి గ్రేడు అని ఒకాయన. ఆ గ్రేడు కాలేజీ రికార్డులో జీవితాంతం ఉండిపోతుంది, మెడిసిన్‌కి వెళ్లేటప్పుడు బయటికి తీస్తారు అని ఇంకొకావిడ. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెల్లుతుంది గానీ బయట రాష్ట్రాల్లో, ప్రైవేటు కాలేజీల్లో చెల్లకపోవచ్చు అని వేరొకాయన. మీ అమ్మాయి మెడిసినా, ఇంజనీరింగా అని అందరూ. పిల్ల పదిలో ఉందండీ అంటే, ఆలస్యం చేశారే అని సంతాపం. ఇక లాభం లేదని స్కూల్లో కౌన్సెలర్‌ని కలవడానికి టైము తీసుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక స్ప్రెడ్‌షీటు ప్రింటు తీసుకుని, మా ఆవిడ ఇచ్చిన ప్రశ్నల చిట్టా జేబులో పెట్టుకుని, పిల్లని వెంటబెట్టుకుని వెళ్లాను. కౌన్సెలర్ అంతా ఓపిగ్గా విని, చిరునవ్వుతో నన్ను దాటి పిల్ల వైపు తిరిగి, ‘నీకేం చదవాలనుంది?’ అని అడిగింది. ఆ ప్రశ్న నా చిట్టాలో లేదు.

పిల్ల తడుముకోకుండా చెప్పింది: ఏపీ లాంగ్వేజ్ తీసుకుంటుందట, వాదించడం ఇష్టమట. దాంతోపాటు స్కూలు పత్రికకి రాసే న్యూస్‌పేపర్ క్లాసూ కావాలట. ఆ రెండోదానికి అదనపు వెయిటేజీ లేదు, అది ఆన్ లెవెలే అని నేను దగ్గాను. ఇద్దరూ వినిపించుకోలేదు. ఎంపిక అయిపోయింది, తెరమీద ఆకుపచ్చ టిక్కు పడింది, పేరెంట్ అప్రూవల్ అన్నచోట నా వేలితోనే నొక్కించారు. దార్లో కారులో అది తన మొదటి వ్యాసం ఆలోచన చెప్పింది. హైస్కూలు పిల్లల తల్లిదండ్రుల ఆందోళనల మీదట. ఇంటర్వ్యూకి ఇంట్లోనే మంచి నమూనా దొరికిందట, రికార్డు చేసుకోవచ్చా అంది. ప్రశ్నలు ముందుగా రాతపూర్వకంగా పంపమన్నాను.